మగ్గం పక్కన మందుల డబ్బా

ఇంట్లో దగ్గు మందుల డబ్బా ఒకటి ఉండాలి. ఆ డబ్బా మూత ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో కూడా ఇంట్లో తెలిసి ఉండాలి. వరంగల్ కొత్తవాడ నేత ఇంటి డబ్బా చెప్పే సంగతులివి.

మా నాయినమ్మ మందుల డబ్బా మూత తీయగానే ముందు వాము వాసన కొట్టేది. దాని వెనకే మిరియాల ఘాటు. కరక్కాయ వాసన తెలియాలంటే మాత్రం ముక్కు డబ్బాలో పెట్టాల్సిందే. పాలపొడి అయిపోయాక మిగిలిన రేకు డబ్బా అది. గుంత మగ్గం మీద దూలానికి కొక్కెం, ఆ కొక్కేనికి డబ్బా. పిల్లలకు అందదు. గుంతలో కాళ్లు పెట్టుకుని కూచున్న తాత కాస్త లేచి చెయ్యి చాస్తే అందేది.

నాయినమ్మకు అక్షరం రాదు. డబ్బాలో పది పన్నెండు పొట్లాలుంటే ఏది ఏదో ఆమెకు నూలు చెప్పేది. జంపఖానా నేయగా మిగిలిన రంగు పోగులతో పొట్లాలు కట్టేది. ఆకుపచ్చ పోగు వాముకు, పసుపుపచ్చది శొంఠికి, నీలంది కరక్కాయకు, తెల్లది అతిమధురానికి. ఎర్ర పోగు కట్టిన పొట్లాన్ని పిల్లలు ముట్టుకోకూడదు. పూజకు తెచ్చిన కర్పూరం కూడా ఎర్ర పోగులోనే ఉండేది. "ఎర్రదానికి చెయ్యి పెడితే చెయ్యి ఇరుగుతది బిడ్డా" అనేది. అన్నదే గానీ ఎవరి చెయ్యీ ఏనాడూ విరవలేదు.

ఇప్పుడు ఆ డబ్బా మా అమ్మ చేతికి వచ్చింది. రేకు తుప్పు పట్టి పోతే గాజు సీసాలొచ్చాయి, సీసాల మీద తేదీ రాసిన కాగితాలొచ్చాయి. ఎర్ర పోగు మాత్రం అలాగే ఉంది. కరోనా నాడు ఊరంతా కషాయాలు కాచినప్పుడు మా ఇంటికి శొంఠి కోసం వచ్చినవాళ్లు సీసా మెడకున్న ఆ పోగేమిటని అడిగేవాళ్లు. అమ్మ ఓపిగ్గా అందరికీ చెప్పేది.

దూది నుసి, మిర్చి ఘాటు

కొత్తవాడ అంటే జంపఖానాల వాడ. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఊళ్లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు సైరన్ ఆగిపోయి చాలా ఏళ్లయింది గానీ కొత్తవాడ గల్లీల్లో మగ్గం చప్పుడు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఇప్పుడు నేసేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. మగ్గం, మంచం, పొయ్యి అన్నీ ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు ఇవి. ఒకరు నేస్తుంటే ఇంకొకరు కండెలు చుడతారు, పక్కనే పిల్లలు అన్నం తింటారు. నూలు కదిలినప్పుడల్లా సన్నటి నుసి లేస్తుంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడినప్పుడు చూడాలి, గదిలో గాలి పాలలా కనిపిస్తుంది. ఆ గాలినే ఇంటిల్లిపాదీ పీలుస్తారు.

ఇది చాలదన్నట్టు దగ్గర్లోనే ఎనుమాముల మార్కెట్. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే ఈ యార్డుకు పత్తీ వస్తుంది, మిర్చీ వస్తుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చికి రంగెక్కువ, కారం తక్కువ. తేజ రకం అలా కాదు. మిర్చి సీజనులో ఆ బస్తాల మధ్య నడిచినవాడికి దగ్గు ఆగదు. మిరపకారంలో ఉండే క్యాప్సైసిన్ మనిషికి దగ్గు తెప్పించడంలో ఎంత నమ్మకమైనదంటే, దగ్గు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు దాన్నే కొలతగా పీల్పించి ఎవరి గొంతు ఎంత సున్నితమో లెక్కకడతారు. హమాలీలకు ఆ పరీక్ష ఏ కొలతా లేకుండా రోజూ జరుగుతూనే ఉంటుంది.

దగ్గంటే ఒక్కటే కాదని మన పాతవాళ్లకు బాగా తెలుసు. చరకుడు దగ్గును 'కాస' అన్నాడు. వాతం, పిత్తం, కఫం వల్ల వచ్చేవి మూడు, రొమ్ముకు దెబ్బ తగిలి వచ్చే క్షతజం ఒకటి, ఒళ్లు క్షీణించి వచ్చే క్షయజం ఒకటి, మొత్తం అయిదు. పేర్లు ఎలా ఉన్నా అందులోని తెలివి నాకు నచ్చుతుంది. శొంఠి కషాయంతో పోయే దగ్గునూ మనిషిని తినేసే దగ్గునూ ఒక గాటన కట్టలేదు. కొత్తవాడలో నా చిన్నప్పటి లెక్క ఇంకా సులువు: సర్ది దగ్గు, ఘాటు దగ్గు, నూలు దగ్గు, జబ్బు దగ్గు. డబ్బా పూర్తిగా పనికొచ్చేది మొదటి రెంటికే. మూడోదానికి కొంచెం ఊరట ఇస్తుందంతే. నాలుగోదానికి పనికిరాకపోగా అడ్డం కూడా పడుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డబ్బాలో ఏముండాలి

శొంఠి లేని కషాయం లేదని సామెత. అల్లం ఎండితే శొంఠి అవుతుందని అందరికీ తెలుసు. ఎండేటప్పుడు అల్లంలోని జింజెరాల్ అనే పదార్థం షోగాల్‌గా మారుతుంది, ఇది ఇంకా ఘాటు. అందుకే పచ్చి అల్లం నోటిని చురుక్కుమనిపిస్తే శొంఠి గొంతు దాకా దిగి వెచ్చబెడుతుంది. శొంఠి, మిరియం, పిప్పలి మూడూ కలిస్తే త్రికటుకం. పిప్పలి తీగ వేరును మోడి అంటాం, విశాఖ మన్యంలో దీన్ని వేరు కోసమే సాగుచేస్తారు. మా ఇంట్లో పిప్పళ్లు గుప్పెడు, మోడి నాలుగు ముక్కలు ఉంటే ఏడాదికి సరిపోతాయి.

కషాయం కాచడం ఎవరికి రాదు గనక? అయినా మా ఇంటి కొలత చెబుతాను. రెండు గ్లాసుల నీళ్లు, కచ్చాపచ్చాగా దంచిన చిన్న శొంఠి ముక్క, పది మిరియాలు, గుప్పెడు తులసాకు. గ్లాసు నీళ్లకు దిగాక వడకట్టి బెల్లం. బెల్లం మేడారం బంగారమైతే నాయినమ్మ మొహం వెలిగిపోయేది. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు తూచి ఇచ్చిన బెల్లంలోంచి ప్రసాదంగా తెచ్చుకున్న ముక్కను ఆమె వంటకు వాడనిచ్చేది కాదు, అది మందుల డబ్బాలోకే. మామూలు సర్ది దగ్గు దానంతటదే తగ్గుతుంది. కషాయం దాన్ని తరిమేస్తుందని నేను చెప్పను. గొంతు తడిపి, తెమడ పలచబరిచి, రాత్రి రెండు గంటలు ఎక్కువ నిద్రపోనిస్తుంది. దగ్గి దగ్గి పక్కటెముకలు నొప్పి పుట్టినవాడికి రెండు గంటల నిద్ర చిన్న సంగతి కాదు.

కరక్కాయ గురించి అందరూ తక్కువ చెబుతారు. గింజ తీసేసి, పెచ్చును పెనం మీద సన్నసెగన కొంచెం వేయించి, చిన్న ముక్క బుగ్గన పెట్టుకోవాలి. నమలకూడదు. ముందు నోరంతా వగరుగా బిగుసుకుంటుంది, కాసేపటికి నీళ్లూరుతాయి, ఆ ఊట మింగుతుంటే గొంతులో గరగర సద్దుమణుగుతుంది. నేతగానికి ఇంతకంటే అనువైన మందు లేదు. చేతులు రెండూ పనిలో ఉంటాయి, కాళ్లు రెండూ పనిలో ఉంటాయి, ఖాళీగా ఉండేది బుగ్గ ఒక్కటే. మా తాత పొద్దున పెట్టుకున్న ముక్క మధ్యాహ్నం సద్ది దాకా ఉండేది. హరికథ చెప్పేవాళ్లూ పాటగాళ్లూ ఇదే చేస్తారు.

అతిమధురం పుల్ల కూడా అంతే, నోట్లో వేసుకుంటే తియ్యగా జిగురుగా గొంతును పూసినట్టుంటుంది. ఉర్దూవాళ్లు ములేఠి అంటారు. అయితే రక్తపోటు ఉన్నవాళ్లు దీన్ని రోజూ చప్పరించకూడదు. ఇందులోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి పొటాషియాన్ని తగ్గిస్తుంది, బీపీ పెరుగుతుంది. అమ్మకు బీపీ అని తెలిసిన రోజే మా డబ్బాలో తెల్ల పోగు పొట్లానికి ఎర్ర పోగు కూడా చేరింది.

ఇక అడ్డసరం. నా దృష్టిలో ఈ డబ్బాకు రాజు ఇదే, కానీ ఇది డబ్బాలో ఉండదు, పెరట్లో ఉండాలి. పశువులు ముట్టవు కాబట్టి పల్లెల్లో కంచెకు పెట్టేవారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఈ చెట్టు విషయంలో నిజంగా అన్యాయం. దీని ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని చూసి, దాని నమూనాతో 1960లలో ఐరోపాలో బ్రోమ్‌హెక్సిన్ అనే మందు చేశారు. బ్రోమ్‌హెక్సిన్ ఒంట్లో మారి తయారయ్యే పదార్థమే ఆంబ్రాక్సాల్. ఈ రోజు తెమడ కరగడానికని మందుల షాపులో ఇచ్చే సీసాల మీద ఈ రెండు పేర్లలో ఒకటి తరచూ కనబడుతుంది. మన కంచె చెట్టే సముద్రాలు దాటి సీసాలో తిరిగి వచ్చిందన్నమాట.

అడ్డసరపాకును రోట్లో వేసి దంచితే పిప్పి వస్తుంది గానీ రసం రాదు. ఆకు గట్టిది, నీరు తక్కువ. శాస్త్రంలో దీనికి పుటపాకం చెప్పారు, ఆకుల ముద్దను మరో ఆకులో చుట్టి, పైన మట్టి మెత్తి, నిప్పుల్లో కాల్చి పిండడం. మా అమ్మకు మట్టీ నిప్పులూ ఎక్కడివి? ఇడ్లీ పాత్రలో పెడుతుంది. ముదురూ లేతా కాని ఆకులు పదిహేను కోసి, కడిగి, నడిమి ఈనె తీసి, ఇడ్లీ పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఆవిరి పట్టిస్తుంది. మూత తీసేసరికి పచ్చదనం పోయి ఆకులు చింతాకు పప్పు రంగుకు తిరిగి మెత్తగా వాలిపోయి ఉంటాయి. వేడి మీదే పాత పంచె గుడ్డలో వేసి మెలిపెడితే ముదురాకుపచ్చ రసం చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అన్ని ఆకులకూ రెండు చెంచాలు వస్తే గొప్ప. అంతే తేనె కలిపి పెద్దవాళ్లకు ఇస్తుంది. చేదు ఎంతంటే, మింగాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. గర్భిణులకు మాత్రం అడ్డసరం ఇవ్వకూడదు, గర్భసంచిని కదిలించే గుణం దీనికుందని పాత వైద్యులూ కొత్త వైద్యులూ ఒప్పుకుంటారు.

వాము సంగతి వాసనే చెబుతుంది, అందులో ఉన్నది థైమాల్. వేయించి గుడ్డలో మూటకట్టి రొమ్ముకు కాపడం పెడితే హాయి. వామాకు కుండీలో పెరుగుతుంది, రెండు ఆకులు పెనం మీద వాడ్చి నమిలితే చాలు. పసుపు, తులసి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మిరియాల చారు మందో కూరో తేల్చలేం గానీ, దగ్గుతో అన్నం సయించని పిల్లాడు రెండు ముద్దలు తింటే అది దాని చలవే.

వరంగల్‌లో దగ్గు డబ్బా గురించి రాస్తూ మన యునానీని మరిచిపోతే తప్పు. పడిశం పట్టిందంటే మా ఇంటి పక్క ఖాలా కాచేది జోషాందా. రేగుపండు లాంటి ఉన్నాబ్, సపిస్తాన్, ములేఠి, బనఫ్షా పూలు వేసి కాచే ఆ కషాయానికి మన కషాయంలాగా ఘాటు ఉండదు, జిగురుగా మెత్తగా దిగుతుంది. సపిస్తాన్ అంటే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే మన నక్కెర కాయే. ఇక 1920లో హైదరాబాద్‌లో పుట్టిన జిందా తిలిస్మాత్ చిన్న సీసా లేని ఇల్లు తెలంగాణలో అరుదు. నీలగిరి తైలం ఘాటుతో ముక్కు తెరుచుకుంటుంది. ఖాలా మా ఇంటికి జోషాందా పంపేది, నాయినమ్మ వాళ్లింటికి శొంఠి పంపేది. రెండు వైద్యాలూ గోడ మీదుగా చేతులు మారేవి.

తేనె మాట, సీసా మాట

డబ్బాలో ఒక్క వస్తువే పెట్టమంటే తేనె పెడతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే పిల్లల దగ్గుకు గొంతును నెమ్మదింపజేసే ఇంటి మందుల్లో తేనెను పేర్కొంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా వైద్యులు 105 మంది పిల్లల మీద పరీక్ష చేశారు. పడుకునే ముందు కొందరికి తేనె, కొందరికి డెక్స్ట్రోమెథార్ఫాన్ అనే దగ్గు మందు ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. తేనె తాగిన పిల్లలు ఏమీ తీసుకోనివాళ్లకంటే తక్కువ దగ్గారు, బాగా నిద్రపోయారు. మన అమ్మమ్మలు ఈ పరీక్ష ఫలితం కోసం ఆగలేదు గానీ, ఆగినా నష్టపోయేవారు కాదు.

ఏడాది నిండని పసిపాపకు మాత్రం తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఒక్కోసారి ఉండే బొటులినం సూక్ష్మజీవి బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, బిడ్డ ఒళ్లంతా సత్తువ లేకుండా వాలిపోతుంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం ఆనవాయితీ అని పెద్దవాళ్లు పట్టుబడతారు. గౌరవంగానే వద్దని చెప్పాలి.

తేనె అని కొన్నదంతా తేనె కాదన్నది ఇంకో బాధ. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్లను పరీక్షిస్తే, ఎన్‌ఎంఆర్ అనే గట్టి పరీక్షతో సహా అన్నింటా నెగ్గినవి మూడే. నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్ల గీసి చూడటం లాంటి ఇంటి పరీక్షలకు ఆ చక్కెర పాకాలు దొరకవు. నేను గిరిజన సహకార సంస్థ తేనె తెచ్చుకుంటాను. 1956 నుంచి అడవి బిడ్డల దగ్గర తేనె, కరక్కాయలు, ఉసిరి కొంటున్న సంస్థ అది.

సీసా మందుల మీద నమ్మకం ఎందుకు సడలిందో తల్లులకు చెప్పక్కర్లేదు. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పిల్లలు ఇరవైమందికి పైగా మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, అయిదేళ్లలోపు వాళ్లకు మామూలుగా అవసరం లేదని ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతమంది తల్లులు చెంచా కొలిచి, బిడ్డను బుజ్జగించి తాగించారు. తమ చేత్తో.

కానీ ఆ భయంతో 'చెట్టు మందైతే ఏమీ కాదు' అనుకోవడం ఇంకో గోతిలో పడటమే. ఎర్ర పోగు ఉన్నది అందుకే.

ఎర్ర పోగు

కర్పూరం పిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి, చిన్న బిళ్ల చాలు. చంటిపిల్లల ముక్కులో ఆముదమో నువ్వుల నూనో చుక్కలు వేస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తుంది. ఆవిరి పట్టడం మంచిదే గానీ పిల్లాడి ముందు మరిగే గిన్నె పెట్టి దుప్పటి కప్పడం నాకు భయం, గిన్నె ఒలికితే జీవితాంతం మిగిలే మచ్చ. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడం మనకు అలవాటు. నూలు నుసితో ముందే అలిసిన ఊపిరికి మళ్లీ పొగ దేనికి? రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కషాయాలు, పసుపు ఎక్కువగా తీసుకునే ముందు వాళ్ల డాక్టరుకు చెప్పాలి. భస్మాలు, పాదరసం కలిసిన మాత్రలు ఇంటి డబ్బాలోకి రానే కూడదు, వాటికి చదువుకున్న వైద్యుడి చేయి కావాలి. మన ఊళ్లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అడగడానికి దూరం పోనక్కర్లేదు.

కొనడం, దాచడం గురించి కూడా చెప్పాలి. పొడులు కొనొద్దు. పొడిలో ఏమున్నా కనపడదు. పసుపు పొడికి మెరుపు రంగు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపిన సందర్భాలున్నాయి, కొమ్ములు కొని దంచుకుంటే మేలు. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు, నీళ్లలో వేస్తే మిరియాలు మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి. శొంఠి విరిస్తే టప్పుమనాలి, లోపల లేత పసుపు రంగు, ఘాటు ఉండాలి. వంగిందంటే తేమ పట్టింది, చిన్న చిన్న కన్నాలుంటే పురుగు పట్టింది. తులసాకు, వామాకు ఎండలో పెడితే నూనెంతా ఎగిరిపోయి గడ్డి మిగులుతుంది, నీడన ఎండబెట్టాలి. శొంఠి, పిప్పలి, కరక్కాయలను మాత్రం వానాకాలం ముందు ఒకరోజు ఎండకు వేయాలి. ఏ సీసా అయినా ఏడాదికొకసారి వాసన చూసి, వాసన పోయినదాన్ని పారేయాలి. మా అమ్మ ఉగాదికి ఈ పని పెట్టుకుంటుంది. పారేయడానికి ఆమెకు మనసొప్పదు, పక్కన ఒకరు నిలబడాలి.

తక్కువ కొనండి. దగ్గు డబ్బా చిన్నగా ఉంటేనే తాజాగా ఉంటుంది.

పద్నాలుగు ముళ్లు

ఇప్పుడు ఆ నాలుగో దగ్గు సంగతి. మా తాత దగ్గు ఒక వానాకాలంలో మొదలైంది. నేతగాడికి దగ్గు కొత్తా? కరక్కాయ మార్చారు, కషాయం మార్చారు, అడ్డసరం ఇచ్చారు, పిప్పలి తేనెలో రంగరించారు. దసరా పోయింది, దీపావళి పోయింది. బనీను వదులైంది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చగా కాగేది. "నూలు దుమ్ము పట్టింది గంతే, ఏం గాదు" అనేవాడు. చివరకు ఒకనాడు తువ్వాలు మీద ఎర్రగా కనబడితే ఆసుపత్రికి తీసుకెళ్లారు. క్షయ. మందులకు లొంగేదే, కానీ అప్పటికే రెండు వైపులా తినేసింది. ఆ వేసవి దాటలేదు.

నాయినమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆసుపత్రిలో ఎవరో నర్సమ్మ చెప్పిన ఒక్క మాట పట్టుకుంది: రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు దగ్గినా డబ్బా కొక్కేనికి ఒక తెల్ల పడుగు పోగు కట్టేది. రోజుకొక ముడి. పద్నాలుగు ముళ్లు పడితే డబ్బా మూత పడేది, దవాఖానకు ఆటో వచ్చేది. ఎంత కషాయం మిగిలినా, ఎవరు ఎంత బతిమాలినా ఆ లెక్క మారేది కాదు. జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం, పిల్లాడికి ఊపిరాడక పక్కటెముకలు లోపలికి లాగడం, వీటిలో ఏదున్నా ముళ్లు లెక్కపెట్టకుండా ఆ పూటే వెళ్లాలి. కొత్తవాడకు ఎంజీఎం ఆసుపత్రి దగ్గరే. క్షయ పరీక్ష, మందులు సర్కారు దవాఖానలో ఉచితం. చికిత్స నడిచినన్నాళ్లూ తిండికి ఇచ్చే నిక్షయ్ పోషణ్ సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది.

ఇక నూలు దగ్గు. జనప దుమ్ముకు ఊపిరి పాడవుతుందని 1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జిని జనప దువ్వేవాళ్లను చూసి రాశాడు. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. జిన్నింగు, దూది ఏకడం దగ్గర ఎక్కువ, మగ్గం దగ్గర తక్కువ, కానీ బొత్తిగా లేకుండా పోదు. దాని గుర్తు విచిత్రం. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజు రొమ్ము పట్టేస్తుంది, దగ్గు వస్తుంది, వారం గడిచేకొద్దీ తేలికవుతుంది. మళ్లీ సెలవు, మళ్లీ అదే. అందుకే దీనికి సోమవారం జ్వరమని పేరు. ఏళ్లు గడిస్తే అన్ని రోజులూ సోమవారాలే అవుతాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో డాక్టరు తప్పక తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఇది ఉండేది. మా తాత పని చేసింది ఫ్యాక్టరీలో కాదు, తన ఇంట్లో. ఇంటి మగ్గానికి ఆ చట్టం గుమ్మం దాకా రాలేదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

ఈ దగ్గుకు కరక్కాయ గొంతుకు హాయి ఇస్తుంది, దుమ్మును ఆపదు. దుమ్మును ఆపేది తడిగుడ్డ. చీపురు పెట్టి ఊడిస్తే నుసి లేచి మళ్లీ ముక్కులోకే వస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. కండెలు చుట్టేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు, ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచడం, మగ్గం గదిలోంచి పొయ్యినీ పడకనూ తీసేయడం. బీడీ మానడం అన్నిటికంటే ముందు.

మా బాబాయి ఇంకా నేస్తాడు. అరవై దాటాయి. పోయిన వారం నుంచి దగ్గుతున్నాడు. నేను వెళ్లేసరికి బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని, నాడె ఆపకుండానే పలకరించాడు.

"ఎట్లున్నది బాబాయ్ దగ్గు?"

"ఏమున్నది బిడ్డా, ఐతారం నాడు మంచిగనే ఉంటది. మొన్న ఆదివారం మీ పిన్నితోని గుడికి నడిచి పోయొచ్చిన, ఒక్కపారి దగ్గలే. మల్ల తెల్లారి గుంతల దిగంగనే ఇగ పట్టుకుంటాంది."

దగ్గు మొదలైన నాటి నుంచి లెక్కేసి రోజుకొక ముడి కట్టమని పిన్నికి చెప్పాను, కొక్కెం ఇప్పటికీ ఉంది. రొమ్ము పట్టేసిన రోజు మాత్రం ముడిలోకి ఎర్ర పోగు కలపమన్నాను. ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆ తాడు కూడా తీసుకెళ్దామని. వెళ్లే రోజు వచ్చే సోమవారమే పెట్టుకున్నాం.

ఇది రాస్తున్న గురువారానికి తాడుకు పదకొండు ముళ్లు. వాటిలో ఎర్రవి రెండు. రెండూ సోమవారాలవే.